టైర్లు అణగని లారీ

ఉద్యోగం ఊడిన గేట్‌మ్యాన్ బల్ల మీది బొమ్మ రైలుమార్గంలో, విరిగిన గేటు పక్కన అగ్గిపెట్టంత లారీని నిలబెట్టాడు. దాని మీద పరదా కప్పి ఉంది. మూడేళ్ల కిందట అసలు గేటుని గుద్దిన డ్రైవరు, స్వయానా అతని బావమరిది, వంగి చూశాడు.

"అచ్చం నా బండే బావా! బంపరు సొట్టతో సహా దించేశావు."

"తప్పులుంటే చెప్పు. నీకంటే తెలిసినవాడెవడు?"

"వెనకవైపు మరీ ఎత్తుగా ఉంది. టైర్లు అణిగిపోవాలి. అంత లోడు మీద ఎంత తొక్కితే మాత్రం బ్రేకు పడుతుందా?"

"విచారణలో ఖాళీ బండి అన్నావుగా?"

పరదా సర్దుతున్న డ్రైవరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నోరు జారింది బావా..."

"ఖాళీ బండి మెల్లగా వస్తుంటే నేనే ఆలస్యంగా గేటు దించానన్నావు. మీ అక్క కూడా నేను కునుకు తీశాననే అనుకుంటోంది."

"మెల్లగా బావా. అక్క వంటింట్లోనే ఉంది."

"ఉందనే నిన్ను ఇవాళ పిలిచాను."

గేట్‌మ్యాన్ ఆకురాయి తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఆ టైర్ల అడుగు నువ్వే అరగదియ్యి. అయ్యాక అక్కని పిలిచి చూపించు."