రన్‌వే అవతల ఉండిపోయిన మనిషి

"అవ్వా, నువ్వు ఏరోప్లేన్లు దిగే కాడ పని చేసినావంట గదా. నాయన చెప్పినాడు. నాకెప్పుడూ చెప్పలేదే?"

మీ నాయనా? వాని నోరు ఆగదు. ఆ ఫోన్లో రికార్డు అవుతాందా? కానీలే అమ్మీ. ఈ మధ్య మరుపు జాస్తి అయింది. పొద్దున బైబిలు తెరిస్తే నిన్న యాడిదాకా చదివినానో తెలియడం లేదు. నా అంతట నేను కూడబలుక్కొని నేర్చుకున్న చదువు, అదీ జారిపోతుందేమోనని భయం. ఆ ఏరోప్లేన్ల కాడి సంగతి ఒక్కటే పోదు. పోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. నువ్వేమో ట్రైనింగుకు పోతాండావు, రేపు టవర్లో కూచొని పైలట్లకు చెప్పేదానివి. నీకు చెప్పకుంటే ఎట్ల?

ఆ యేడు అర్ధవీడులో వానల్లేవు. మా తోడికోడలు రాహేలు, నేను, ఇంకా కొందరం ఆడోళ్లం గడ్డి కోసే పనికి పోయినాం. ఏరోప్లేన్లు దిగే కాడ, హిందీ మాట్లాడే ఊరు. ఆ ఊరి పేరు... నోట్లోనే ఉంది, రాదు. టీ అప్పుడు రెండు రూపాయలు. కాదు, మూడు. రన్‌వే పక్కన గడ్డి పెరిగితే పురుగులు, పురుగుల కోసం పక్షులు. పక్షి ఇంజన్లో పడితే ముప్పు. అందుకని కోయించేది.

మా మేస్త్రీ ఖాసిం అన్న, మార్కాపురం సాయిబు. చేతిలో వైర్‌లెస్ ఉండేది. రన్‌వే దాటాలంటే టవరోళ్లను అడగాల. వాళ్లు చెప్పింది మాటకు మాట తిరిగి చెప్పాల, ఊరికే సరే అంటే ఒప్పుకోరు. మాకు నవ్వు. "ఏమన్నా, ఇంటికాడ వదిన చెప్పింది కూడా ఇట్లనే అప్పజెప్తావా?" అనేది రాహేలు. "ఆమెకు ఊ అంటే చాలు, అంతకంటే నోరు తెరిస్తే తంటా" అనేటోడు. మంచోడమ్మీ.

ఆ పొద్దు రన్‌వే అవతల కోస్తా ఉండినాం. నాకు... ఎట్ల చెప్పేది. ఒంటికి వచ్చింది. చాటు లేదు, అంతా బయలు. డ్రైవరు, మేస్త్రీ, అంతా మగోళ్లే. నీళ్లు కూడా తాగకుండా ఓర్చుకున్నా. ఇంక ఆగలేక, రాహేలుకు సైగ చేసి, వాననీళ్లు పోయే కాలవలోకి దిగినా. అప్పుడే టవరోళ్లు, ఏరోప్లేను వస్తాంది దాటిపోండి అన్నారంట. ఖాసిం అన్న వ్యాను కాడ "అందరూ ఎక్కినారా?" అని అడిగితే, రాహేలు "ఊ" అనింది. ఫలానా దానికి పోయింది అని మగోళ్ల ముందర ఎట్ల చెప్పాల, నడిచి వస్తుందిలే అనుకునిందంట. ఆ ఊ పట్టుకొని ఆయన, దాటినాము, అవతల ఎవరూ లేరు అని టవరుకు చెప్పినాడు.

నేను లేచేసరికి వ్యాను ఆ పక్క ఉంది. ఇడిసిపెట్టి పోతారని కొడవలి పట్టుకొని రన్‌వే మీద పరిగెత్తినా. నడిమధ్యకు వచ్చి చూస్తును గదా, ఏరోప్లేను! నా మీదికే దిగుతాంది. అంతలో మూతి పైకెత్తి, నెత్తి మీదుగా లేచిపోయింది. ఆ గాలికి చెంగు నిలవలేదు. టవర్లో ఎవరో నా ఎర్రచీర చూసి దిగొద్దని అరిచినారంట. ఆ ఏరోప్లేన్లో ఎంతమంది ఉండిరో, చంటిపిల్లలు...

సాయంత్రం ఆఫీసుకు పిలిచినారు. కుర్చీల్లో పెద్ద సార్లు, ఒక్క ఆడమనిషి లేదు. ఖాసిం అన్న చేతిలో వైర్‌లెస్ తీసేసుకున్నారు. అబద్ధం చెప్పినావు, పనిలోంచి తీసేస్తాం అన్నారంట. ఆయన నేల చూస్తా నిలబడినాడు, నన్ను ఒక్క మాట అడగలేదు. నేను యాడికి పోయినానో ఆయనకు తెలిసిపోయింది. నేను నోరు తెరిచి చెప్పకపోతే ఆయన పిల్లల కూడు పోతాది.

"సారూ, మూత్రానికి పోయినా. మగోళ్లకు చెప్పలేకపోయినా" అన్నా. వాళ్లకు తెలుగు రాదు. ఏమంటాంది అని ఖాసిం అన్ననే అడిగినారు. ఆయన ఆ మాటను, వైర్‌లెస్‌లో చెప్పినట్లే, మాటకు మాట హిందీలో చెప్పినాడు. తలెత్తలేదు. చెవులు ఎర్రబడినాయి. ఆ రన్‌వే మీదనే చచ్చిపోయింటే బాగుండు అనిపించింది అమ్మీ. ఒక సారు పెన్ను పక్కన పెట్టి కిటికీ వైపు తిరిగినాడు.

ఆయన పని పోలేదు. మర్నాటి నుంచి మాకు లెట్రిన్ కాడికి వ్యాను పంపేది. ఆడోళ్లను లెక్కబెట్టే పని రాహేలుకు ఇచ్చినారు. చూడు, ఊ అన్నదానికే!

ఊరికొస్తే మనోళ్లు ఊరుకుంటారా? కాలవలో కూచొని ఏరోప్లేన్ను లేపింది అని చర్చి వాకిట్లో కూడా నవ్వినారు. మీ తాత నాతో కలిసి చర్చికి రావడం మానుకున్నాడు.

అదీ సంగతి. రేపు ఎవరన్నా నీకు అందరూ దాటినారు అని చెప్తే, ఇంకోసారి అడుగు తల్లీ. కాలవలో ఎవతో ఒకతె ఉంటుంది.

ఏదీ, నేను చెప్పింది తిరిగి చెప్పు. ఊ అనొద్దు. నాకు రేపటికి గుర్తు ఉంటుందో లేదో.

"మా అవ్వ రన్‌వే అవతల గడ్డి కోస్తా, మూ..."

ఆ మాట వద్దులే. అర్థమైంది గదా... కాదు, ఉండు. ఆ మాట కూడా చెప్పు. దేవుడు నిన్ను చల్లగా చూడాల. గట్టిగా చెప్పు తల్లీ.