మిగిలిన నౌకరి

గోదావరిఖని బస్టాండు పక్క హోటల్ల, నా వెనక టేబుల్ కాడ తండ్రీ బిడ్డలిద్దరు మాట్లాడుకుంటున్నరు.

"బాపూ, ఇటు సూడు! ఈ హోటల్ల ఆరు ప్లేట్ల బిర్యానీ మిగిలిందని నా యాప్‌ల పెట్టిన్రు. గనిల ఫస్ట్ షిఫ్టు చేసొచ్చెటోళ్లు సగం ధరకే తీస్కపోతరు, ఇగ పారేసుడే ఉండది!"

"మంచిగుంది బిడ్డా. రేపు నౌకరి కాయితాల మీద సంతకానికి గని ఆఫీసుకు పోవాలె."

"పన్నెండు హోటళ్లు నా యాప్‌ల చేరినయి బాపూ! ఇంకో ఆర్నెల్లు ఆగరాదు?"

"నీ యాపు కూడు వెడ్తదా?"

"కూడే వెడ్తది బాపూ, దాని పనే అది!"

"నవ్వకు. నేనిగ గనిల దిగలేనని డాక్టర్లు రాసిచ్చిన్రు. తమ్ముడేమో ఇంకా తొమ్మిదిలనే ఉన్నడు. నా బదులు ఇప్పుడు నువ్వు చేరకుంటే నా నౌకరి మనింట్ల ఎవలకూ రాదు."

"నాకు ఆ నౌకరి వద్దు బాపూ."

"మిగిలింది పారెయ్యొద్దని ఊరందరికి చెప్తున్నవు. నా నౌకరి గూడ మిగిలిందే గదా బిడ్డా."



"ఆఫీసు ఎన్నింటికి తెరుస్తరు బాపూ?"

"తొమ్మిదింటికి. ఆ బిర్యానీ ఏమాయె?"

"ఎవలో తీస్కున్నరు బాపూ. ఆరు ప్లేట్లూ అయిపోయినయి."