వయసు చెప్పని నైరీ

వెల్లింగ్టన్‌లో డేటాబేస్ ఇంజిన్, అంటే వివరాలు దాచిపెట్టి అడిగినప్పుడు వెతికిచ్చే సాఫ్ట్‌వేర్, తయారుచేసే చిన్న ఆఫీసు. బయట గాలి కిటికీలను ఊపేస్తోంది. కొత్తగా చేరిన అమ్మాయి, పక్క కుర్చీలోని పెద్దాయన ఒకే స్క్రీన్ చూస్తున్నారు.

“టెస్టులన్నీ పాసయ్యాయండీ! పొద్దున ఒకటి ఫెయిలైంది గానీ, సరిచేసేశా.”

“ఇంజిన్‌నా?”

“కాదండీ, టెస్టు డేటాని. పట్టికలో నైరీ అని ఎవరో ఒకావిడ పేరున్న వరుసలో వయసు ఖాళీగా ఉంది. చెత్త అనుకుని తీసేశా.”

“అయ్యో తల్లీ! ఈ టెస్టులన్నీ రాసిన మనిషే నైరీ. నువ్వు కూర్చున్నది ఆవిడ కుర్చీలోనే. పోయిన చలికాలం కన్నుమూసింది.”

“అయ్యో, నాకు తెలీదండీ... మరి వయసు?”

“ఎంత బతిమాలినా చెప్పేది కాదు. అందుకే ఆ ఖాళీ వరుస తన పేరు మీదే పెట్టింది. అరవై దాటినవాళ్లెవరు, దాటనివాళ్లెవరు, వయసు తెలియనివాళ్లెవరు అని మూడు ప్రశ్నలడిగితే, ఏదో ఒకదాంట్లో నేను రావాల్సిందే అనేది. రాకపోతే తప్పు ఇంజిన్‌దే.”

“ఆ వరుస మళ్లీ పెట్టేశానండీ. అడుగుతున్నా... నైరీ మూడింట్లోనూ లేదంటోంది ఇంజిన్.”

“అది లేదంటే మనం ఒప్పుకుంటామా? ఆ కుర్చీ ఇటు లాక్కో. ఆవిణ్ణి ఎక్కడ పారేసుకుందో చూద్దాం.”