మిల్లు కూత వినపడని కాలనీ

ఆదోనికి దూరంగా, ఎమ్మిగనూరు రోడ్డు పక్క గుట్ట కింద కట్టిన కొత్త కాలనీ. పైన మబ్బులు ముసురుకున్నాయి. ఎన్నడూ ఇటు తొంగిచూడని పత్తి మిల్లు మేస్త్రీ కాశప్ప, ట్రాక్టర్ దిగి తాయమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

"అట్ల కాదక్కా, కూర్చునేకి టైము లేదు. అందర్నీ ట్రాక్టర్ ఎక్కమను."

"కూర్చోప్పా కాశప్పా. మేస్త్రీ రాక రాక వచ్చినాడు. చౌడమ్మా, చెంబుతో నీళ్లు తే."

"నీళ్లొద్దు. మోడం చూడు ఎట్ల పట్టిందో! ఆడ పత్తంతా బయటుంది. టార్పాలిన్లు కప్పేకి మనుషుల్లేరు."

"ఎందుకు లేరు? మిల్లు గోడ పక్కనే గుడిసెలేసుకోని ఉండిరి కదా? చినుకు పడితే తినే ముద్ద ఇడిసి ఉరికొచ్చి కప్పుతాండిరి కదా? యాడికి పోయినారప్పా వాళ్లు?"

"ఎకసెక్కాలకు ఇదేనా టైము?"

"నువ్వే కదా ఏలు పెట్టి చూపిస్తివి. ఈ గుడిసె పీకండి, ఆ గుడిసె పీకండి అని."

"మిల్లు సావుకారి చెప్పినాడు, నేను చేసినా. మీకు ఈడ ఇండ్లిప్పిచ్చినాము కదా..."

"ఇప్పిచ్చినారు. గోడలుండాయి, కప్పుంది. మిల్లు కూతే వినపడదు. ఎమ్మిగనూరు నుంచొచ్చే మొదటి బస్సెక్కి దిగేలోపల నువ్వు గేటేస్తివి. రేపు జల్దీ రాపో అంటివి. రేపు మాత్రం బస్సు జల్దీ వస్తాదా? నడిచొస్తి. కాళ్లు బొబ్బలెక్కె. అయినా గేటే."

"అక్కా, ఒక్క మాట ఇను..."

"ఈ చౌడమ్మ ఆడున్నప్పుడు మధ్యాన్నం గుడిసెకు ఉరికొచ్చి బిడ్డకు పాలిచ్చి పోతాండె. ఈడికొచ్చినాంక ఆ పాలు మిల్లులోనే రవిక తడుపుతాండె. పని మానుకుంది. ఇప్పుడు కంపలు కొట్టి అమ్ముకుంటాంది. ఈ యమ్మను ఎక్కమంటావా ట్రాక్టరు?"

"తప్పే. కాళ్లు పట్టుకుంటా. ఈ ఒక్క పూట..."

"మాకోసం ఒక్క పూటన్నా వచ్చిందా ఈ ట్రాక్టరు?"

"తాయమ్మక్కా, ఆ పత్తి..."

"నోర్మూయ్! నేను చెప్పేదంతా అయినాంకే నువ్వు. గేటు బయట నిలబడి మేము బతిమాలుకుంటాంటే చెవిన పెడితివా? ఇప్పుడు నా వాకిట్లో నువ్వు నిలబడు. నాకెట్లుండెనో నీకూ తెలియనీ."

"చినుకులు పడతాండాయక్కా..."

"పడనీ. చౌడమ్మా, చూడే! ఎంత లావు చినుకులో! నాకు కడుపు నిండినట్లుంది. పత్తంతా నల్లగై మురగనీ. సావుకారి తల పట్టుకోని ఏడవనీ."

"అయిపాయ. ఇంక పోయినా లాభం లేదు."

"ఏమప్పా, అట్ల కూలబడితివి? ఇందాకేదో చెప్పాలంటివే. చెప్పు, ఇప్పుడింటా."

"సావుకారి పత్తి పొద్దున్నే గోదాములోకి చేరిపాయక్కా."

"మరి తడిసేది ఎవరిది?"

"తూకం కాని బండ్లు. తూకమయ్యేదాకా నష్టం రైతుదే, నీకు తెలీంది కాదు. చూడలేక, సావుకారికి చెప్పకుండా ట్రాక్టర్ తెచ్చినా."

"ఎవరి బండ్లప్పా?"

"అన్నిటికన్నా ముందర నీ తమ్ముడు లక్ష్మన్నది. హొళగుంద నుంచి రాత్రంతా తోలుకోనొచ్చినాడు. మీరు ఈడికొచ్చినేది ఆయప్పకు తెలీదు. గుడిసెలుండిన జాగాలో నిలబడుకోని, అక్కా, జల్దీ రాక్కా అని కేకలేస్తాండాడు."