బోణీ కాని గంప

"అవ్వా, మొన్న నెల్లూరు మ్యూజియంలో నువ్వూ చిన్నవ్వా పెద్ద గలాటా చేసినారంటనే? రమణమ్మత్త చెప్పలేక చెప్పలేక నవ్వతా ఉండాది. ఏం జరిగింది?"

గలాటా ఏందే, గలాటా! దానికి నోరా అది. నవ్విందెవురు? ఆమే. గోడకి ఆనుకోని, కొంగు నోట్లో కుక్కుకోని నవ్వింది. ఇప్పుడు మామీదికి తోసేసిందా? ఆ ఫోను కాస్త దూరంగా పెట్టు, ముక్కుకి తగలతా ఉండాది. ఆఁ, అట్టా. పడతా ఉందా నా గొంతు? సరే, విను.

మన పొదుపు సంఘానికి నెల్లూరులో మీటింగని బస్సు మాట్లాడినారు గదా. మీటింగులో ఏం చెప్పినారని మాత్రం అడగబాక, నేను నిద్రపోయినా. నా యావంతా ఆ బొమ్మ మీదే. అదేందే, నీకు చెప్పలా? మన బళ్లో టీచరమ్మ లేదూ, ఆయమ్మ పిల్లకాయల్ని ఆ మ్యూజియానికి తీసకపోయింది. వొచ్చి నాతో అనింది, "పెద్దమ్మా, మిద్దెమీద పాత రంగుల బొమ్మ ఒకటుండాది, కింద 'మైపాడు చేపలామె' అని రాసుండారు" అని. నేను చేతిలో పని ఆడనే వొదిలేసినా. ఎందుకంటే నా చిన్నప్పుడు, సముద్రం ఒడ్డుకి ఒగాయన వొచ్చేవాడు. తెల్లచొక్కా, మూడుకాళ్ల పలక, రంగుల పెట్టె. పొద్దన్నే వలలు లాగే యాళకి వొచ్చి మాయమ్మ దిక్కే చూస్తా కూసునేవాడు. అంటే చెడ్డగా కాదులే, బొమ్మ గీసుకునేదానికి.

మాయమ్మకి ఫోటో లేదు బుజ్జీ. ఫోటో అంటే ఆ రోజుల్లో నెల్లూరు పోవాల, స్టూడియోలో కుర్చీ మీద కూసోవాల. అంతసేపు కూసుంటే గంప ఎవురు మోస్తారు? పావలాకి ఇంటిల్లిపాదికీ కూరకి సరిపడా కానగంత చేపలు పోసేది అమ్మ. ఇప్పుడు నువ్వు ఆ పావలా ఇస్తే చేపతోక గూడా చూపియ్యరు. ఏం చెప్తా ఉండా... ఆఁ, ఫోటో. మీ చిన్నవ్వ, అదే మా కావమ్మ, పాలు తాగే బిడ్డగా ఉన్నప్పుడే అమ్మకి జొరమొచ్చింది. పోయింది. అంతే. కావమ్మకి అమ్మ మొహమే తెలీదు. "అక్కా, అమ్మ ఎట్టుండేదే" అని ముసలిదై గూడా అడగతానే ఉండాది. నేను ముక్కు ఇట్టా, కళ్లు అట్టా అని చెప్తా ఉంటా. నిజం చెప్పాలంటే ఈమధ్య నాకూ మసకేసిపోయింది. కళ్లు మూసుకుంటే గంప కనపడతాది, ముక్కుపుడక కనపడతాది, మొహం రాదు. ఆ మాట దానికి చెప్పడానికి నాకు నోరు రాలా. అందుకే ఆ బొమ్మ చూడాల, చూసి తీరాల అని పట్టుబట్టినా.

ఆ రోజు కావమ్మ ఏం కట్టుకోనొచ్చిందో తెలుసా? కూతురు పెళ్లికి కట్టిన పట్టుచీర! "మీటింగుకి పట్టుచీరేందే" అంటే, "అమ్మని చూసేదానికి పోతా ఉంటే నేతచీర కట్టుకుంటానా" అనింది. చంకలో సంచి. దాని కోడలు నెల్లూరులో పుట్టింట్లో కాన్పయి ఉండాది గదా, బాలింతకి పాలు పడతాయని ఎండు పాలసొర చేపలు తీసకపోతా ఉండాది. ఆ పట్టుచీరకీ ఆ వాసనకీ బస్సులో దాని పక్కన ఒక్కరు కూసోలా.

మ్యూజియం కాడికి పోయినామా, గడప ముందర అందరం చెప్పులిడిచేసినాం. లోపల రాతి దేవుళ్లు ఉండారని చెప్పింది గదా టీచరమ్మ. వాచ్‌మాను "చెప్పులతో పోవచ్చమ్మా" అంటాడు, మేము వింటేనా! మా వదిన లక్ష్మమ్మ, అదే మీ తాతకి అక్క, ముక్కు విరిగిపోయిన అమ్మవారికి చెంపలేసుకోని, "ఎంత దెబ్బ తగిలిందో తల్లికి" అని కళ్లల్లో నీళ్లు పెట్టుకుంది. ఆ సంచి కౌంటర్లో పెట్టమంటే కావమ్మ ఒప్పుకోలా. కౌంటరు కాడుండే పిల్లోడు గూడా సంచి మూతి ఇప్పి చూసి, గబుక్కున మూసి, "మీకాడనే ఉండనీండి" అన్నాడు.

మిద్దెక్కినాం. చల్లగా ఏసీ. గోడలనిండా బొమ్మలు. ఒకదాన్లో అన్నీ గీతలే, మా వదిన "ఇది ఇంకా పూర్తిగాలేదు" అని పక్కకొచ్చేసింది. చివరి గోడన ఉండాది మనది. చూసినా.

ఏముండాది? వీపు!

అవునే, వీపు. సముద్రం పక్కన ఇసకలో నడిచిపోతా ఉండాది, నెత్తిన గంప, గోచీకట్టు చీర, అంతే. మొహం అటు. కావమ్మ ఆ పటం పక్కకి పోయి తొంగి చూసింది, అటు దిక్కునించి కనపడతాదేమోనని! దేవుడా, నాకు నవ్వాగలా. కానీ దాని మొహం చూసి కొంగు అడ్డం పెట్టుకున్నా.

ఇంతలో మా వదిన, "ఇది మా అత్త" అనింది. ఇంకొకామె "కాదు, మా పెద్దమ్మ" అనింది. వీపుకి ఎంతమంది చుట్టాలో చూడు! నాకు రోషమొచ్చింది. "కుడిభుజం చూడండే, అట్టా కిందికి దిగేసి, గంపకి చెయ్యి ఆనించకుండా నడిచేది మాయమ్మ ఒక్కతే. కాకపోతే మా కావమ్మ" అన్నా. "ఏదీ, నడవమను" అనింది వదిన. అంతే. కావమ్మ సొరచేపల సంచి నెత్తినబెట్టుకోని, పట్టుచీర మడమలపైకి ఎగ్గట్టి, ఆ నున్నటి నేలమీద ఆ కొసనించి ఈ కొసకి బయలుదేరింది. అబ్బా! ఆ బొమ్మే లేచి నడిచినట్టుండాది. అందరూ నోరు తెరిచినారు. వదిన "ఒప్పుకుంటినమ్మా, మీయమ్మే" అనేసింది.

వాచ్‌మాను పరిగెత్తుకోనొచ్చినాడు. "ఏమ్మా! సంచి దించమ్మా! ఏమ్మా, నిన్నే!" అని వెనకనించి ఒకటే అరుపులు. అది తిరిగితేనా! చెయ్యూపుకుంటా పోతానే ఉండాది. ఆయన నా దిక్కు తిరిగి, "ఆమెకి చెవుడా?" అనడిగినాడు.

ఆ మాట నేను విన్నా బుజ్జీ, చిన్నప్పుడు. ఒడ్డుమీద కావమ్మని చంకనేసుకోని నిలబడుంటే, ఆ రంగులాయన "ఏమ్మా, ఒకసారి ఇటు తిరుగు" అని పిలిచి పిలిచి, గొంతు బొంగురుపోయి, నన్నడిగినాడు, "మీయమ్మకి చెవుడా పాపా?" అని. నేను చెప్పినా, "కాదు, ఇంకా బోణీ కాలా" అని. నీకు తెలీదులే, ఇప్పుడు ఆటోల్లో పోతా ఉండారు. అప్పుడు గంప నెత్తికెత్తినాక, మొదటి చేప అమ్ముడుపొయ్యిందాకా ఎవురు పిలిచినా వెనక్కి తిరగగూడదు. తిరిగితే ఆ రోజు బేరం పోయినట్టే. కావమ్మ గూడా నిన్నమొన్నటిదాకా గంప మోసిందే గదా, ఆ అలవాటు యాడికి పోతాది! నాకు అంతా గుర్తొచ్చేసింది. ఆయన రోజూ వొచ్చేది పొద్దన్నే గదా, బోణీ కాకముందు. ఆయనకి దొరికింది ఆ వీపే, పాపం!

ఆ సంగతి గట్టిగా చెప్పేసినా, అందరూ వినేటట్టు. వాచ్‌మానూ విన్నాడు. నవ్వులే నవ్వులు. కావమ్మ నవ్వలా. ఆ సంచి నెత్తినుండగానే, కొంగుముడి ఇప్పి, నలిగిన నోటొకటి తీసి, ఆ పటం కిందున్న బల్లమీద పెట్టింది. "అమ్మా, బోణీ చేసినా. ఇంక తిరగవే" అనింది.

అప్పుడు మా వదిన గూడా ఒక బిళ్ల తీసి పెట్టింది. దాన్ని చూసి ఇంకొకామె. హుండీ అనుకోని కళ్లకద్దుకోని మరీ పెట్టినారు! "ఇక్కడ డబ్బులు పెట్టగూడదమ్మా" అని వాచ్‌మాను తలపట్టుకున్నాడు. పటంలో మనిషి మాత్రం తిరగలా. ఎట్టా తిరగతాదే. కావమ్మ అట్టనే దాని దిక్కే చూస్తా నిలబడిపోయింది. వీపే కనపడతా ఉండాది నాకు, దానిదీ, అమ్మదీ, రెండూ.

తట్టుకోలేక పిలిచినా, "కావమ్మా" అని.

బోణీ అయిపోయింది గదా. తిరిగింది.

నెత్తిన సంచి, కంట్లో నీళ్లు, నోట్లో నవ్వు. అదే ముక్కు. కన్నుకొసన అదే మడత. నేను ఇన్నాళ్లూ కళ్లు మూసుకోని వెతుకులాడిన మొహం, రోజూ నా పక్కనే కూసోని వక్కాకు నములతా ఉండాదే! నేను ఏడ్చినానో నవ్వినానో నాకే తెలీదు. ఆడ తలుపు కాడ అద్దాల బీరువా ఒకటుండాది, పాత కత్తులు పెట్టుండారు దాన్లో. దాని చెయ్యి పట్టుకోని లాక్కపోయి ఆ అద్దం ముందర నిలబెట్టినా. "ఇదిగో మే, అమ్మ. బాగా చూసుకో" అన్నా.

అది చూసింది. చానాసేపు చూసింది. సంచి సర్దుకుంది, చెదిరిన జుట్టు చెవెనక్కి తోసుకుంది. "అమ్మ అందంగానే ఉండేదే అక్కా" అనింది.

ఆఁ, ఆ మాటకే రమణమ్మ గోడకి ఆనుకోని నవ్వింది. ఇంకేముంది, వాచ్‌మాను గూడా నవ్వినాడు...

ఏదీ, నువ్విట్టా వెలుతురులోకి తిరుగు. ఇంకాస్త. ఆఁ... నీకూ వొచ్చిందే ఆ ముక్కు. చల్లంగా ఉండు తల్లీ. ఎంత తొందరలో పోతా ఉన్నా సరే, నీవాళ్లు వెనకనించి పిలిస్తే మాత్రం తిరిగి ఒకసారి చూడు. బోణీ అయినా, కాకపోయినా...