పెద్ద యుద్ధానికి దాచినవి

అన్న పోయిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం, మరిది అన్న ఇంటికొచ్చి, తను తీసుకెళ్లిన అన్న గేమ్ పెట్టెను తిరిగి టీవీకి తగిలించాడు. వదిన పక్కనే కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"అన్నయ్య ఆపిన చోటి నుంచే ఆడి ముగించాను వదినా."

"నా ఆట నేను నిరుడే ముగించాగా. ఎలా ఉంది?"

"కత్తియుద్ధాలు బాగున్నాయి. కథనే చివర్లో హడావిడిగా చుట్టేశారు."

"నాకా చివరే నచ్చింది. ఆఖరి యుద్ధంలో వచ్చే ముసలి రాజు మాత్రం మూడు చెరువుల నీళ్లు తాగించాడు."

"వాడి చేతిలో నేను పంతొమ్మిదిసార్లు చచ్చాను."

"గాయాలు మాన్పే సీసాలుంటాయి కదా, వాడలేదా?"

"అన్నయ్య సంచిలో తొంభై ఆరున్నాయి. మొదటి ఊళ్లో దొరికింది కూడా అలాగే ఉంది. వాడటానికి నాకు చేతులు రాలేదు."

"మీ అన్నయ్య అంతే. వీరుడు కొన ఊపిరితో ఉన్నా తాగించేవారు కాదు. ముందు పెద్ద యుద్ధం ఉంది, అప్పటికి దాచాలి అనేవారు."

వదిన చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

"గుండెకి డాక్టరు రాసిన మాత్రలూ ఆ సొరుగులో అట్టలకి అట్టలు అలాగే ఉన్నాయి. ఈ మాత్రం నొప్పికెందుకు, పెద్దది వస్తే వేసుకుంటాలే అన్నారు. సీసాలు దాచినట్టే దాస్తున్నారని నవ్వి ఊరుకున్నాను."

ఆమె మరిది చేతిలోని కంట్రోలర్ తీసుకుని, సంచి తెరిచి, తెర మీద నిలబడ్డ వీరుడికి ఒక్కో సీసా తాగించసాగింది.

"బలం నిండుగానే ఉంది వదినా. అన్నీ వృథా అయిపోతాయి."

"పోనీ. ఈసారి నేను నవ్వి ఊరుకోను."