ఈ ఒక్క ట్రిప్పే

"బ్రేకు ఇంకోసారి తొక్కండి అన్నా. నెమ్మదిగా."

నాచారం మెయిన్ రోడ్డులో, పదకొండు మంది ఖైదీలను కోర్టుకు తీసుకెళ్తున్న వ్యాను ఓ పక్కకు ఆగి ఉంది. ఒక ముసలి ఖైదీ వాంతి చేసుకుంటే, ఎస్కార్టు హెడ్ కానిస్టేబుల్ ఉమామహేశ్వర్ మాత్రల కోసం మందుల షాపుకు వెళ్ళాడు. డ్రైవరు కొమురెల్లి సీటు దిగలేదు. ఖైదీలతో మాటలు పెట్టుకోవడం అతనికి గిట్టదు, కాని బండి సంగతి ఎత్తితే ఊరుకోలేడు. ఎత్తినవాడు ఇనప జాలీకి అవతల కూర్చున్న కామరాజు.

"తొక్కిన. ఏమైంది?"

"కాలు ఎంతవరకు దిగింది?"

"నీకెందుకయ్యా గవన్ని?"

"కింది దాకా దిగింది కదా. మల్లాపూర్ ఫ్లైఓవర్ దిగేటప్పుడు మూడుసార్లు పంపు కొట్టారు మీరు. అప్పుడు గానీ బ్రేకు పడలేదు."

"లెక్కపెట్టుకుంట కూసున్నవా?"

"చేతులకు బేడీలున్నాయి. ఇంకేం పనుంది నాకు?"

"మస్తు మాట్లాడుతున్నవ్. మెకానిక్‌వా?"

"డ్రైవర్ని. పీర్జాదిగూడలో స్కూలు బస్సు నడిపేవాణ్ణి."

"స్కూలు బస్సు... ఆగు. మొన్న చలికాలంల లారీకి గుద్దింది, ఆ బస్సేనా?"

"ఎడమ వెనక చక్రం అన్నా. దారంతా ఇనుము మీద ఇనుము రాసుకుంటూ వచ్చింది. మీకు వినబడలేదా?"

"నేనడిగింది జెప్పు. ఆ బస్సేనా?"

"ఆ బస్సే."

"ఇద్దరు పిల్లలు పోయిన్రు గద అండ్ల."

"ముగ్గురు."

"పేపర్ల ఇద్దరనే రాసిన్రు."

"ఇంకొకరు నాలుగు రోజులున్నారు. ఆస్పత్రిలో. పేపరు వాళ్ళు మళ్ళీ రాలేదు."

"తాగి నడిపిండని గూడ రాసిన్రు."

"నాకు అలవాటు లేదన్నా."

"మరి ఎట్లయింది?"

"ఇదే చప్పుడు. మీరు ఎవరికీ చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలే? రెండుసార్లు రిజిస్టర్ల రాసిన. పొద్దుగాల గూడ గ్యారేజీ సారుకు జెప్పిన. వేరే బండి లేదు, ఈ ఒక్క ట్రిప్పు కొట్టు, రేపు ఇప్పి సూద్దాం అన్నడు."

"ఈ ఒక్క ట్రిప్పు."

"ఏంది, నా మాట నాకే అప్పజెప్తున్నవ్?"

"ఏం లేదు. బండి తీయకండి అన్నా. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర మెట్రో దిగిన జనం అడ్డంగా వచ్చేస్తారు. వాళ్ళ సంగతి అలా ఉంచండి, మాకు పట్టుకోవడానికి కమ్మీ కూడా అందదు. ఒకళ్ళ బేడీ ఇంకొకళ్ళకి. ఆ ముసలాయన పడితే నేనూ పడతాను. వెనక తలుపు తాళం చెవేమో హెడ్డుగారి జేబులో. దెబ్బ తగిలితే ముందు తగిలేది ఆయనకీ మీకూ. మమ్మల్ని ఎవరు తీస్తారు?"

"జర ఆగు. ఇయ్యాల నీ బెయిల్ ఉన్నదన్నరు గద?"

"ఉంది."

"బండి తియ్యకుంటే వాయిదా పోతది."

"పోతుంది. దసరా సెలవులు అయ్యాక ఇస్తారు మళ్ళీ."

"లోపలికొచ్చి ఎన్ని నెలలాయె?"

"ఎనిమిది."

"ఎనిమిది నెలలు. ఇంటికి పోవాలని లేదా నీకు? పిల్లలున్నరా?"

"ఒక్కతే. సిరి."

"ఏం సదువుతుంది?"

"నాలుగో క్లాసు. బ్రేకు డ్రమ్ము ఊడదీస్తే తెలుస్తుంది అన్నా. లైనింగు పూర్తిగా అరిగిపోయి ఉంటుంది."

"బిడ్డ ముచ్చట అడిగితే లైనింగు అంటవేంది?"

"హెడ్డుగారు వస్తున్నారు."

"ఇగో మాత్రలు, ముసలాయనకియ్యుండ్రి. తియ్యి కొమురెల్లి, పదిన్నరకు కోర్టుల ఉండాలె."

"బ్రేకు పడ్తలేదు సార్. వేరే బండి పిలువుండ్రి."

"మరి జైలు కాన్నుంచి ఈడిదాకా ఎట్లొచ్చినవ్?"

"భయపడుకుంట వచ్చిన."

"ఇంకింత దూరం గట్లనే పా. ఖైదీలను టైముకు తేలేదని నాకు మెమో వస్తది."

"నాకు గూడ వస్తది సార్. రానీ. ఇగో బండి తాళం, మీ చేతుల పెడుతున్న. నేనైతే తియ్య."

"ఎవడు నూరిపోసిండు నీకు? గీ కామరాజా? ఏరా, ఇయ్యాల బెయిల్ నీదే గదరా?"

"నాదే సార్."

"వాయిదా పోయినంక మల్ల నా కాళ్ళ మీద పడతవ్."

"పడను సార్."

"సార్, ఆయనకు బిడ్డ గూడ ఉన్నది. నాలుగో క్లాసు. అయినా బండి తియ్యొద్దనే అంటున్నడు."

"ఇంటికాడ బిడ్డను పెట్టుకొని గిదేం మొండితనం రా? ఎనిమిది నెలల సంది నీ కోసం ఎదురుసూస్తలేదా ఆ పిల్ల?"

"లేదు సార్. ఆ రోజు బస్సులో నా సీటు వెనకే కూర్చుంది. నాన్నా, ఆ చప్పుడేంటి అని అడిగింది. ఏం లేదమ్మా, ఈ ఒక్క ట్రిప్పే అన్నాను."